పక్కటెముకలు విరిగితే: ఇల్లా ఆస్పత్రా, బెల్టా దిండా, మాత్రా బ్లాకా? ఎంపికలు, పోలికలు

చెయ్యి విరిగితే కట్టు వేసి కదలకుండా ఉంచుతారు. కాలు విరిగినా అంతే. పక్కటెముకకు ఆ వీలు లేదు. దాన్ని కదలనివ్వకపోతే ఊపిరే ఆడదు. మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. అంటే రోజుకు తక్కువలో తక్కువ 17 వేల సార్లు ఆ విరిగిన చోటు కదులుతూనే ఉంటుంది. అయినా అతుక్కుంటుంది. చాలామందికి 6 వారాల్లో అతుక్కుంటుంది. వయసు మీదపడినవాళ్లకీ, ఎక్కువ ఎముకలు విరిగినవాళ్లకీ 12 వారాల దాకా పట్టొచ్చు. మొదటి రెండు వారాలు మాత్రం నరకమే. తుమ్ము వస్తుందేమోనని భయం, నవ్వొస్తే భయం, మంచంలో పక్కకి తిరగాలన్నా భయం.

ఎముక దాని పని అది చేసుకుంటుంది. అసలు ముప్పు ఆ భయం వల్లే వస్తుంది. నొప్పికి జడిసి పైపైన ఊపిరి తీస్తూ, దగ్గు ఆపుకుంటూ ఉంటే ఊపిరితిత్తుల అడుగుభాగానికి గాలి చేరదు, అది ముడుచుకుపోతుంది. కఫం అక్కడే నిలిచిపోయి కొద్ది రోజుల్లోనే నిమ్ము చేస్తుంది. ఇంటికి వెళ్లినవాళ్లు మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. అందుకే ఛాతీకి దెబ్బ తగిలాక ఎదురయ్యే ప్రతి ఎంపికనీ నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను. దీనివల్ల లోతుగా ఊపిరి తీయగలుగుతానా, గట్టిగా దగ్గగలుగుతానా? ఆ రెండింటికీ అడ్డొచ్చేది ఎంత హాయిగా అనిపించినా వద్దనే చెప్తాను.

ఇల్లా, ఆస్పత్రా

ఒకటో రెండో ఎముకలు విరిగి, వయసు తక్కువై, ముందునుంచీ ఊపిరితిత్తుల జబ్బేమీ లేక, మాత్ర వేసుకున్నాక దగ్గగలుగుతుంటే ఇంటికి వెళ్లడమే మేలు. అలవాటైన చోట నిద్ర పడుతుంది, లేచి నాలుగడుగులు వేస్తారు. ఆస్పత్రి మంచంలో పడుకునే ఉండటం కంటే అది ఊపిరితిత్తులకు మంచిది.

65 ఏళ్లు దాటినవాళ్ల విషయంలో మాత్రం నా లెక్క వేరు. మూడు లేదా అంతకంటే ఎక్కువ ఎముకలు విరిగినవాళ్లు, ఆస్తమా, సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) లాంటివి ఉన్నవాళ్లు, బాగా సిగరెట్లు తాగేవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, ఆక్సిజన్ తగ్గినవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. వీళ్లు కనీసం ఒకటి రెండు రోజులు ఆస్పత్రిలో ఉండాలి. 'నాకు బాగానే ఉంది, ఇంటికి పోదాం' అని పెద్దవాళ్లు పట్టుబడతారు. మొదటిరోజు నిజంగా బాగానే ఉంటారు కూడా. కానీ దెబ్బకు ఊపిరితిత్తి కమిలితే ఆ వాపు 24 నుంచి 48 గంటల్లో పెరుగుతుంది. ఛాతీలో నెమ్మదిగా రక్తం చేరడం కొందరిలో కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడదు. 2000లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, 65 దాటినవారికి విరిగిన ఎముకల సంఖ్య ఒక్కొక్కటి పెరిగేకొద్దీ మరణించే ప్రమాదం 19 శాతం, నిమ్ము వచ్చే ప్రమాదం 27 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. కాబట్టి ఇంట్లో పెద్దాయనకు నాలుగు ఎముకలు విరిగాయని తెలిశాక, ఆయన మాట కాదనలేక ఇంటికి తీసుకెళ్లకండి. బతిమాలైనా సరే ఉంచండి.

ఎన్ని విరిగాయన్నదే కాదు, ఎక్కడ విరిగాయన్నదీ చూడాలి. మనకున్న 12 జతల్లో ఎక్కువగా విరిగేవి నాలుగు నుంచి తొమ్మిది వరకూ ఉన్నవి. పైనున్న ఒకటి, రెండు ఎముకలు భుజం చాటున భద్రంగా ఉంటాయి. అవి విరిగాయంటే దెబ్బ చాలా బలంగా తగిలినట్టే, పక్కనున్న పెద్ద రక్తనాళాలను కూడా పరీక్షించాలి. అడుగునున్నవి విరిగితే ఎడమవైపు ప్లీహం, కుడివైపు కాలేయం, వెనకవైపు కిడ్నీలు దెబ్బతిన్నాయేమో చూస్తారు. కింది ఎముకలు విరిగినవాళ్లకు కడుపునొప్పి, కళ్లు తిరగడం, ఎడమ భుజంలో ఎందుకొచ్చిందో తెలియని నొప్పి ఉంటే ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

ఇంటికి వెళ్లాక కూడా కొన్నిటికి తెల్లారేదాకా ఆగడం పనికిరాదు. ఆయాసం పెరగడం, జ్వరం, పసుపు లేదా ఆకుపచ్చ కఫం, దగ్గులో రక్తం, పెదాలు నీలంగా మారడం, మనిషి మత్తుగా లేక అయోమయంగా ఉండటం, తగ్గుతూ వచ్చిన నొప్పి ఒక్కసారిగా ఎక్కువవడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే వెళ్లాల్సిందే.

ఎక్స్‌రేనా, సీటీ స్కానా

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని సంబరపడేవాళ్లూ, నమ్మకుండా సీటీ కోసం గొడవపడేవాళ్లూ ఉంటారు. విరిగిన పక్కటెముకల్లో దాదాపు సగం దాకా మామూలు ఎక్స్‌రేకి చిక్కవు. ఎముకకూ రొమ్ము ఎముకకూ మధ్యనుండే మృదులాస్థి చీలితే అసలే కనిపించదు. అయినా ఎక్స్‌రే వృథా కాదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి గానీ రక్తం గానీ చేరిందా, ఊపిరితిత్తి ముడుచుకుందా అన్నవి తెలుసుకోవడానికే ముఖ్యంగా తీస్తారు. వైద్యం మారేది వాటిని బట్టే. వయసులో ఉన్నవాళ్లకు ఒకవైపు చిన్న దెబ్బ తగిలి, ఎక్స్‌రేలో గాలీ రక్తమూ లేకపోతే, ఒక ఎముక విరిగినా విరగకపోయినా చేసేది ఒకటే. దానికోసం సీటీ రేడియేషన్ అక్కర్లేదు.

వేగంగా వస్తున్న బండి గుద్దినా, ఎత్తునుంచి పడినా, వయసు ఎక్కువైనా, కడుపు లోపల దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా సీటీనే ఎంచుకోవాలి. సీటు బెల్టు ఒత్తిడికి రొమ్ము ఎముక విరిగినవాళ్లకు ఈసీజీ కూడా తప్పనిసరి, ఎందుకంటే సరిగ్గా దాని వెనకే గుండె ఉంటుంది. ఇంకో మాట. ఎముక అతికిందా లేదా అని వారం వారం ఎక్స్‌రే తీయించుకోవడంలో లాభం లేదు. ఊపిరితిత్తి విచ్చుకుందా అని చూడ్డానికి డాక్టర్ మళ్లీ తీయమంటే మాత్రం మానొద్దు.

నొప్పి మందులు: ఏది, ఎంత, ఎప్పుడు

'మాత్రలు ఎక్కువ వేసుకోకూడదు, ఓర్చుకోవాలి' అనే మాట మిగతా జబ్బుల్లో ఎలా ఉన్నా ఇక్కడ చేటు చేస్తుంది. నొప్పి తగ్గించడం సుఖం కోసం చేసేది కాదు, ఊపిరితిత్తులకు చేసే వైద్యమే అది. మొదటి వారమైనా నొప్పి వచ్చాక వేసుకోవడం కాకుండా, గడియారం చూసి వేళకు వేసుకోవాలి. నొప్పి ముదిరాక అదే మాత్ర సగమే పనిచేసినట్టు అనిపిస్తుంది.

అందరికీ మొదటి మెట్టు పారాసెటమాల్. ఆరోగ్యంగా ఉన్న వయోజనులకు రోజుకు మొత్తం 4 గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోలకంటే తక్కువున్నా, కాలేయ జబ్బున్నా, మద్యం అలవాటున్నా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. ఇక్కడ తెలియకుండా జరిగే పొరపాటు ఒకటుంది. జలుబు మాత్రల్లోనూ, జంటగా కలిపి వచ్చే నొప్పి మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. పేరు వేరు కదా అని రెండూ వేసుకుంటే లెక్క దాటిపోతుంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాపునూ నొప్పినీ కలిపి లాగేస్తాయి. పారాసెటమాల్‌తో కలిపి వాడితే చాలామందికి ఇంతకుమించి అవసరం రాదు. అయితే కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకూ, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకూ ఇవి ప్రమాదం. లోపల రక్తం కారుతోందన్న అనుమానం ఉంటే డాక్టర్లు మొదటి ఒకటి రెండు రోజులు వీటిని ఆపి ఉంచుతారు. వయసులో ఉండి, కిడ్నీలు, కడుపు బాగున్నవాళ్లయితే కొద్దిరోజుల పాటు, తిన్న తర్వాత వాడటమే నాకు సబబనిపిస్తుంది.

ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి బలమైనవి. ఒక్కోసారి అవి లేకపోతే దగ్గడం సాధ్యమే కాదు, అప్పుడు భయపడకుండా వాడుకోవాలి. కానీ ఇవి మత్తునిస్తాయి. మోతాదు మించితే ఊపిరినే మందగింపజేస్తాయి, అంటే దేనికోసం వేసుకున్నామో దానికే ఎదురు తిరుగుతాయి. నిద్రమాత్రలతో, మద్యంతో కలిపి అస్సలు వద్దు. పెద్దవాళ్లలో అయోమయం తెచ్చి, మళ్లీ కిందపడేలా చేస్తాయి. మూర్ఛ ఉన్నవాళ్లు ట్రమడాల్ విషయంలో ముందే డాక్టర్‌కి చెప్పాలి. అన్నిటికీ మించి మలబద్ధకం. విరిగిన పక్కటెముకలతో ముక్కడం ఎంత బాధో పడినవాళ్లకే తెలుసు. ఈ మాత్ర మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమని అడగండి, మూడోరోజు దాకా ఆగకండి.

మాత్రలన్నీ వాడినా లోతుగా ఊపిరి తీయలేకపోతుంటే నరాలకు మత్తిచ్చే బ్లాక్ గురించి నోరు తెరిచి అడగండి. ఇది చాలామందికి తెలియదు కాబట్టి అడగరు. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి ఇచ్చే ఎపిడ్యూరల్ ఎప్పటినుంచో ఉంది, బాగా పనిచేస్తుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకూ, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకూ అది కుదరకపోవచ్చు, బీపీ కూడా తగ్గించొచ్చు. 2016లో మొదట వివరించిన ఎరెక్టర్ స్పైనే బ్లాక్‌లో మందును వెన్నుపాము దగ్గర కాకుండా, వీపు కండరాల కింద అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఇస్తారు. ఎపిడ్యూరల్ కుదరని చాలామందికి ఇది దారి చూపిస్తోంది. మాత్రల మత్తు లేకుండా మనిషి కూర్చుని దగ్గగలుగుతాడు. వయసు పైబడి, మూడు నాలుగు ఎముకలు విరిగినవాళ్లకు ట్రమడాల్ మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే బ్లాకే మేలని నా గట్టి నమ్మకం. లిడోకెయిన్ పట్టీలు దొరికితే అవీ వాడుకోవచ్చు. చర్మం చెదరని చోట 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేస్తారు. వాటికి దుష్ప్రభావాలు తక్కువ, ఫలితం కూడా మనిషికో రకం.

దగ్గు బాధపెడుతోందని దగ్గును అణిచే సిరప్ మాత్రం తాగకండి. ఆ దగ్గే మిమ్మల్ని నిమ్ము నుంచి కాపాడుతోంది.

బెల్టా, దిండా

ఛాతీ చుట్టూ బిగించి కట్టే బెల్టు కట్టగానే హాయిగా ఉంటుంది, కాదనను. ఎముక కదలడం తగ్గుతుంది కాబట్టి నొప్పీ తగ్గుతుంది. కానీ ఆ హాయికి మూల్యం ఊపిరితిత్తులు చెల్లిస్తాయి. అవి పూర్తిగా విచ్చుకోవు. ఒకప్పుడు గట్టిగా పట్టీలు చుట్టడమే వైద్యంగా ఉండేది, ఇప్పుడు మానేయడానికి కారణం ఇదే. డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప బెల్టు కొనకండి.

దాని బదులు ఒక గట్టి దిండు చాలు, లేదా మడతపెట్టిన మందపాటి టవల్. దగ్గు వచ్చేలా ఉన్నప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, కొంచెం ముందుకు వంగాలి. దిండును విరిగిన చోట ఆనించి రెండు చేతులతో హత్తుకోవాలి. ముక్కుతో నెమ్మదిగా, వీలైనంత లోతుగా ఊపిరి తీసి రెండు సెకన్లు ఆపాలి. ముందు నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా 'హా' అంటూ గాలిని రెండు మూడుసార్లు బయటికి తోయాలి. దానితో కఫం పైకి కదులుతుంది. అప్పుడు దిండును గట్టిగా నొక్కిపట్టి ఒక్కసారి దగ్గాలి. గొంతులోంచి పొడిగా పది సార్లు దగ్గేకంటే ఇలా ఒక్కటి మేలు. అవసరమైన ఆ నాలుగు క్షణాలే దిండు ఆసరా ఇస్తుంది, మిగతా సమయమంతా ఛాతీని వదిలేస్తుంది. బెల్టు వదలదు.

మంచమా, వాలుకుర్చీనా

మొదటి కొన్ని రాత్రులు వెల్లకిలా పడుకోవడం కష్టం, లేవడం అంతకంటే కష్టం. వెనక్కి వాలే కుర్చీ గానీ, తల, వీపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండేలా దిండ్లు పేర్చిన మంచం గానీ ఎంచుకోండి. ఆ వాలులో ఊపిరితిత్తుల అడుగుభాగం మీద కడుపు బరువు పడదు. తలకింద మాత్రమే దిండ్లు పెడితే మెడ వంగి, ఛాతీ ఇంకా ముడుచుకుపోతుంది. దిండ్లు నడుము పైనుంచే మొదలవ్వాలి. ఏ పక్కకి తిరిగి పడుకోవాలన్నది మీ ఒళ్లు చెప్పినట్టు వినండి.

మంచం మీదనుంచి నేరుగా, పొట్ట కండరాలతో లేవడానికి చూస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. ముందు మోకాళ్లు మడవండి. భుజాలు, నడుము, మోకాళ్లు అన్నీ ఒకేసారి కలిపి బాగున్న పక్కకు దొర్లండి. కాళ్లను మంచం అంచు దాటించి కిందికి వదలండి. కాళ్లు దిగుతున్నప్పుడే మోచేతినీ, రెండో అరచేతినీ పరుపుకు నొక్కి ఒళ్లు పైకి లేపండి. పూర్తిగా లేచేదాకా ఊపిరి బిగబట్టకుండా మెల్లగా వదులుతూ ఉండాలి. సాయం చేసేవాళ్లు చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు, వీపు వెనక చెయ్యి ఆనిస్తే చాలు.

పగలు మాత్రం మంచం వద్దు. కూర్చోండి, ప్రతి గంటా లేచి ఇంట్లోనే కాస్త నడవండి. పూర్తి విశ్రాంతి, కొంచెం కదలిక అనే రెండింటిలో కదలికదే పైచేయి. రక్తం కాళ్లలో గడ్డకట్టే ముప్పు కూడా దీనివల్ల తగ్గుతుంది.

స్పైరోమీటరా, ఊరికే ఊపిరి వ్యాయామమా

స్పైరోమీటర్ అంటే లోతుగా ఊపిరి తీయడం సాధన చేయించే చిన్న పరికరం, ఎంత గాలి పీల్చామో అందులోని బంతి గానీ గీత గానీ చూపిస్తుంది. ఇది ఊదే పరికరం కాదు, పీల్చే పరికరం. చాలామంది ఊది ఊది అలిసిపోతారు, దానివల్ల లాభం లేదు. గొట్టం చుట్టూ పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చి, మూడు నుంచి అయిదు సెకన్లు ఆపి వదలాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. మాత్ర వేసుకున్న అరగంట తర్వాత మొదలుపెడితే ఇంకా తేలిక.

పరికరం లేకుండా ఇవే ఊపిర్లు ఇదే లెక్కన తీసినా ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. మరి ఎందుకు కొనడం? కళ్లకు కనిపించే లెక్క కోసం. నిన్న పైకి వెళ్లిన బంతి, లేదా నిన్న చేరిన గీత, ఈరోజు చేరడం లేదంటే లోపల ఏదో తేడా వస్తోందని మీకంటే ముందే అది చెప్తుంది. మనసుకు గుర్తుచేయడానికి ఒక వస్తువు ఎదురుగా ఉండాలనుకునేవాళ్లు, పెద్దవాళ్లు, సిగరెట్ అలవాటున్నవాళ్లు తెచ్చుకోండి. ఎలాగూ క్రమం తప్పకుండా చేసేవాళ్లకు తప్పనిసరి కాదు. సిగరెట్ గురించి వేరే చెప్పాలా? ఎముక అతకడాన్నీ, కఫం తేలడాన్నీ రెండిటినీ అది చెడగొడుతుంది.

ఐసా, వేడి కాపడమా అంటే, మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్ 15, 20 నిమిషాల చొప్పున, ఆ తర్వాత మీకు ఏది హాయిగా ఉంటే అది.

ఆపరేషన్ ఎవరికి

ఎక్కువమందికి అక్కర్లేదు. వరసగా మూడు లేదా అంతకంటే ఎక్కువ ఎముకలు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగితే ఛాతీలో ఆ ముక్క విడిపోయినట్టవుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ అంతా పైకి లేస్తుంటే, ఆ ముక్క మాత్రం లోపలికి కుంగుతుంది. ఇలాంటివాళ్లకు, ముఖ్యంగా దానివల్ల వెంటిలేటర్ మీదికి వెళ్లినవాళ్లకు, టైటానియం ప్లేట్లతో బిగించడం మంచి ఎంపిక. చేస్తే మొదటి మూడు రోజుల్లో చేయడం మేలని సర్జన్లు చూస్తారు, తర్వాత ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతుంది. ఎముకలు బాగా పక్కకు జరిగి, బ్లాక్ ఇచ్చినా దగ్గలేనివాళ్లకు కూడా ఆలోచిస్తారు, కానీ వాళ్ల విషయంలో లాభం అంత స్పష్టంగా లేదు. ఇన్ఫెక్షన్, మత్తుమందు ముప్పు, లోపలే ఉండిపోయే ప్లేట్లు ఇటువైపు తూకంలో పెట్టాలి. ఎవరైనా ఆపరేషన్ అంటే ఒకటే అడగండి: ఇది చేయకపోతే నా ఊపిరికి ఏమవుతుంది? జవాబు ఎముక ఆకారం గురించి కాక ఊపిరి గురించి ఉంటే ఆలోచించదగిందే.

ఛాతీలో గొట్టం వేయడం వేరు. చేరిన గాలినో రక్తాన్నో తీయడానికి అది. గాలి కొద్దిగానే ఉంటే గొట్టం లేకుండా గమనిస్తూ ఉండొచ్చు. ఎక్కువుంటే ఎంచుకోవడానికేమీ ఉండదు, వేయించుకోవాల్సిందే.

పని, డ్రైవింగ్, ప్రయాణం

కూర్చుని చేసే ఉద్యోగమైతే ఒకటి రెండు వారాల్లో వెళ్లగలుగుతారు. బరువులెత్తే పనైతే 6 నుంచి 12 వారాలు. మొదటి ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకండి. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, అది అమ్మలకు చాలా కష్టం. కూర్చుని ఉండగా ఒళ్లో కూర్చోబెట్టమనండి.

డ్రైవింగ్‌కి వారాలు లెక్కపెట్టడం కంటే ఒక పరీక్ష మేలు. ఆగి ఉన్న కారులో కూర్చుని వెనక్కి తిరిగి చూడగలరా, బ్రేకు ఒక్కసారిగా అదిమి తొక్కగలరా? ముఖం చిట్లించకుండా రెండూ చేయగలిగి, మత్తు మాత్రలు ఆపేశాకే బయటికి తీయండి. నొప్పిగా ఉందని సీటు బెల్టు వదిలేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. అంత నొప్పి ఉంటే కారెక్కే రోజు ఇంకా రాలేదని అర్థం. బైకుకు ఇంకొన్ని వారాలు ఎక్కువ ఆగాలి, ప్రతి గతుకూ ఛాతీకే తగులుతుంది.

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు విమానం ఎక్కే ముందు, అది పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో తేలాలి. దెబ్బ వల్ల వచ్చినదైతే ఆ తర్వాత కూడా సాధారణంగా రెండు వారాలు ఆగమంటారు. పైకి వెళ్లేకొద్దీ మిగిలిపోయిన గాలి వ్యాకోచించడమే కారణం. టికెట్ బుక్ అయిపోయిందని తొందరపడకండి, డాక్టర్ రాతపూర్వకంగా సరేనన్నాకే వెళ్లండి.

ఆగడమా, మళ్లీ చూపించుకోవడమా అన్న సందేహం ఎక్కువగా మూడో నెలలో వస్తుంది. ఆరు వారాలకే పూర్తిగా పోకపోతే కంగారు పడనక్కర్లేదు, వాతావరణం చల్లబడినప్పుడో, పక్కకి తిరిగినప్పుడో చిన్నగా పట్టేసినట్టు ఉండటం మామూలే. మూడు నెలలు దాటినా మంటగా, తిమ్మిరిగా, కరెంటు కొట్టినట్టు ఉంటే అది ఎముకల కింద పోయే నరం నొప్పి కావొచ్చు. దానికి వాడే మందులు వేరు, మామూలు మాత్రలు పెంచినా తగ్గదు. కదిలినప్పుడు టక్కుమని చప్పుడుతో నొప్పి వస్తుంటే ఎముక అతకలేదేమో సీటీలో చూడాలి. ఛాతీ నయమైనా నెల దాటాక కూడా యాక్సిడెంట్ కలలోకి వచ్చి ఉలిక్కిపడి లేవడం, రోడ్డు మీదికి వెళ్లాలంటే టెన్షన్ రావడం ఉంటే దాన్ని కూడా దెబ్బలాగే చూడండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లినట్టే సైకాలజిస్ట్ దగ్గరికి కూడా వెళ్లండి.